సీఎంఎస్‌లో సందర్శకుల లెక్క: ప్రాజెక్టు డైరీ

సొంతంగా రాసుకున్న సీఎంఎస్ (వ్యాసాలు రాసి ప్రచురించే సాఫ్ట్‌వేర్) ఇది. పేజీలు తయారుచేసేది పీహెచ్‌పీ 8, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8, వాటి ముందు వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్. వ్యాసాల పేజీలన్నీ ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గరే పది నిమిషాలపాటు క్యాష్‌లో, అంటే తయారైన కాపీగా, ఉంటాయి. సంపాదకులు అడిగినవి మూడే: ఏ వ్యాసం ఎన్నిసార్లు తెరుచుకుంది, పాఠకులు ఎక్కడి నుంచి వస్తున్నారు, రోజుకు ఎంతమంది. బయటి సర్వీసు వాడకూడదు, పాఠకుడి బ్రౌజర్‌లో కుకీ పెట్టకూడదు, పేజీ ఒక్క మిల్లీసెకను కూడా నెమ్మదించకూడదు. పని మొదలుపెట్టేముందు రాసుకున్న నియమం ఒకటే: లెక్క పేజీకి బయట ఉండాలి. వ్యాసం టేబుల్‌కి, టెంప్లేట్‌కి, సెషన్‌కి, క్యాష్‌కి లెక్క జరుగుతోందన్న సంగతే తెలియకూడదు.

రోజు 1: పాత కౌంటర్

వ్యాసాల టేబుల్‌లో ‘వ్యూస్’ అనే కాలమ్ ముందు నుంచీ ఉంది. పేజీ తయారైన ప్రతిసారీ పీహెచ్‌పీ దానికి ఒకటి కలుపుతుంది. చూడ్డానికి ఒక్క లైను కోడే. అందులో మూడు తప్పులున్నాయి.

మొదటిది క్యాష్. ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గర కాపీ ఉంటే పీహెచ్‌పీ నడవదు, నడవకపోతే అంకె పెరగదు. పది నిమిషాల క్యాష్ అంటే గంటకు ఆరుసార్లు, రోజుకు 144 సార్లు పేజీ కొత్తగా తయారవుతుంది. ఒక యూఆర్‌ఎల్‌ను ఎంతమంది చదివినా కౌంటర్ రోజుకు 144 దగ్గరే ఆగుతుంది. పైగా యూఆర్‌ఎల్ చివర ప్రచార ట్యాగులు తగిలిస్తే క్యాష్ దాన్ని వేరే పేజీ అనుకుంటుంది కాబట్టి, బాగా షేర్ చేసిన వ్యాసానికి మాత్రం ఆ హద్దు దాటి పెరుగుతుంది. అంటే ఆ కౌంటర్ కొలిచింది పాఠకుల్ని కాదు, క్యాష్ ఎన్నిసార్లు ఖాళీ అయిందో దాన్ని.

రెండోది ఇంతకంటే లోతుగా దాక్కుంది. వ్యాసాల టేబుల్‌లో ‘చివరి మార్పు’ సమయం ఉంటుంది. వరసలో ఏ విలువ మారినా డేటాబేస్ దానంతటదే ఆ సమయాన్ని మార్చేలా టేబుల్ కట్టారు. వ్యూస్ పెరిగినా అది మార్పే. దాంతో అక్షరం దిద్దని పాత వ్యాసం కూడా ఎవరో చదవగానే ‘ఇప్పుడే మార్చినది’ అవుతుంది. సైట్‌మ్యాప్‌లో తేదీ మారుతుంది, సెర్చ్ ఇంజిన్లు మళ్లీ వచ్చి చూస్తాయి, ‘ఇటీవల సవరించినవి’ జాబితా తారుమారవుతుంది. అప్‌డేట్ వాక్యంలో ‘చివరి మార్పు’ కాలమ్‌కు దాని పాత విలువనే మళ్లీ ఇస్తే ఇది ఆగుతుంది. తాత్కాలికంగా ఆ మార్పు ఇవాళే ఎక్కించాం.

మూడోది తాళం. మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఇంజిన్ ఇన్నోడీబీ. అందులో ఒక వరసను మారుస్తున్నంతసేపు అది లాక్‌లో ఉంటుంది. రద్దీగా ఉన్న ఒకే వ్యాసానికి వచ్చినవాళ్లంతా ఆ ఒక్క వరస కోసం క్యూ కడతారు. సంపాదకుడు అదే సమయంలో ‘సేవ్’ నొక్కితే ఆయనా ఆ క్యూలోనే నిలబడతాడు.

కొత్త కోడ్ రాయకముందే ‘వ్యూ’ అంటే ఏమిటో కాగితం మీద పెట్టాం: పేజీ తెరపై కనిపించిన ప్రతిసారీ ఒకటి. వెనక ట్యాబ్‌లో తెరిచి చూడకుండా మూసేస్తే వ్యూ కాదు. వెనక్కి బటన్‌తో మళ్లీ వస్తే వ్యూయే. ప్రివ్యూ, డ్రాఫ్ట్, అడ్మిన్ పేజీలు లెక్కలోకి రావు. ఈ నాలుగు వాక్యాలు ముందే లేకపోతే తర్వాత ఏ అంకె తప్పో ఏది ఒప్పో తేల్చలేం.

రోజు 2: టేబుల్

ప్రతి వ్యూకి ఒక వరస. చేర్చడం తప్ప దిద్దడం ఉండదు. కాలమ్‌లు ఇవి: వరస సంఖ్య 8 బైట్లు, యూటీసీ సమయం 5, వ్యాసం ఐడీ 4, సందర్శకుడి హ్యాష్ (వివరాల నుంచి లెక్కకట్టిన గుర్తు) 8, బ్రౌజర్ పుట్టించే వ్యూ ఐడీ 8, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే ఐడీ 4, పరికరం రకం 1. మొత్తం 38 బైట్లు. ఇన్నోడీబీ తన వంతుగా ప్రతి వరసకూ 5 బైట్ల హెడర్, 6 బైట్ల ట్రాన్సాక్షన్ ఐడీ, 7 బైట్ల రోల్ పాయింటర్ కలుపుతుంది. 56 అయింది. రోజుకు లక్ష వ్యూలు అనుకుంటే 5.6 ఎంబీ, తొంభై రోజులకు సుమారు 500 ఎంబీ. ఇండెక్సులు అదనం. మామూలు సర్వర్‌కి ఇది బరువే కాదు.

రోజుకు లక్ష అంటే సగటున సెకనుకు ఒకటికి కాస్త ఎక్కువ. రద్దీ వేళ ఇరవై రెట్లు పెరిగినా సెకనుకు పాతిక లోపే. మధ్యలో క్యూ సర్వర్లు పెట్టాలన్న ఆలోచన ఇక్కడే వదిలేశాం. నేరుగా ఇన్సర్ట్ చాలు.

పాత వరసల్ని తొంభై రోజుల తర్వాత తీసేయాలి. లక్షల వరసల్ని డిలీట్ చేస్తే డేటాబేస్ చాలాసేపు రుబ్బుతుంది, ఫైలు కూడా చిన్నదవదు. అందుకే రోజుకొక పార్టిషన్, అంటే టేబుల్‌లో విడి భాగం. పాత రోజును తీసేయడం పార్టిషన్‌ను డ్రాప్ చేయడమే. దీనికి మైఎస్‌క్యూఎల్ పెట్టే షరతులు: ప్రైమరీ కీతో సహా ప్రతి యూనిక్ కీలోనూ పార్టిషన్ కాలమ్ ఉండి తీరాలి, కాబట్టి ప్రైమరీ కీ వరస సంఖ్య, సమయం రెండూ కలిసినది. పార్టిషన్ ఉన్న టేబుల్‌కి ఫారిన్ కీ ఉండదు. అది మనకు నష్టం కాదు, వ్యాసం తొలగించినా దాని లెక్క ఉండాలి.

మర్చిపోతే దెబ్బతీసే సంగతి ఒకటుంది. రేపటి పార్టిషన్ ఇవాళే లేకపోతే, అర్ధరాత్రి దాటగానే ప్రతి ఇన్సర్టూ 1526 ఎర్రర్‌తో తిరిగొస్తుంది. ఏడు రోజులు ముందుకు పార్టిషన్లు తయారుచేసే క్రాన్ (వేళకు దానంతటదే నడిచే పని) పెట్టాం. మూడు రోజులకంటే తక్కువ మిగిలితే మెయిల్ వస్తుంది. చివర ‘మిగిలినవన్నీ’ పార్టిషన్ పెట్టుకోవచ్చు గానీ, అది ఉంటే కొత్తది నేరుగా చేర్చడం కుదరదు, ఉన్నదాన్ని చీల్చాలి. అందులో వరసలు పడి ఉంటే చీల్చడానికి సమయం పడుతుంది. మేం పెట్టలేదు.

రోజు 3, 4: బ్రౌజర్ వైపు

వ్యాసం ఐడీని టెంప్లేట్ బాడీ ట్యాగ్‌పై డేటా యాట్రిబ్యూట్‌గా రాస్తుంది. పేజీలోకి వెళ్లింది ఆ ఒక్క అంకె, ‘డిఫర్’ గుర్తుతో ఒక స్క్రిప్ట్ ట్యాగ్. క్యాష్‌లో ఉన్న కాపీకైనా ఆ ఐడీ మారదు కాబట్టి క్యాష్‌తో తగువు లేదు. స్క్రిప్ట్ చేసే పని వరసగా:

పేజీని బ్రౌజర్ ముందుగానే రెండర్ చేస్తోందా అని చూస్తుంది. చేస్తుంటే ‘ప్రీరెండరింగ్ చేంజ్’ ఈవెంట్ వచ్చేదాకా ఆగుతుంది. పాఠకుడు లింక్ నొక్కుతాడేమోనని బ్రౌజర్ తెచ్చిపెట్టుకున్న పేజీ అది, ఇంకా ఎవరూ చూడలేదు. తర్వాత విజిబిలిటీ చూస్తుంది. ట్యాబ్ వెనకుంటే కనిపించేదాకా ఆగుతుంది. కనిపించగానే ఒక కొత్త వ్యూ ఐడీ పుట్టించి, సెండ్‌బీకన్ అనే బ్రౌజర్ ఫంక్షన్‌తో సర్వర్‌కి పంపుతుంది. ఇలా వెళ్లే చిన్న సందేశమే బీకన్.

సెండ్‌బీకన్ ఎందుకంటే, అది జవాబు కోసం ఆగదు, పేజీ మూసేసినా అభ్యర్థన బయల్దేరుతుంది. పరిమితి 64 కేబీ. మనం పంపేది రెండు మూడు వందల బైట్లు.

చదివిన సమయం కోసం రెండో బీకన్. దాన్ని ‘అన్‌లోడ్’ ఈవెంట్‌కి కట్టకూడదు. ఫోన్‌లో పాఠకుడు వేరే యాప్‌కి వెళ్లి అక్కడి నుంచే బ్రౌజర్‌ని తోసేస్తే అన్‌లోడ్ రానేరాదు. పైగా అన్‌లోడ్ వింటున్న పేజీని చాలా బ్రౌజర్లు వెనక్కి-ముందుకి క్యాష్‌లో పెట్టవు. అంటే లెక్క కోసం రాసిన ఒక్క లైను పాఠకుడి వెనక్కి బటన్‌ని నెమ్మదింపజేస్తుంది. మొదట పెట్టుకున్న నియమాన్ని ఇది సూటిగా దెబ్బతీస్తుంది. విజిబిలిటీ ‘హిడెన్’ అయినప్పుడు పంపడమే సరైన చోటు. ట్యాబ్ మార్చిన ప్రతిసారీ ఇది వస్తుంది కాబట్టి, కనిపించిన సెకన్లను కూడుతూ, పంపిన ప్రతిసారీ మొత్తం విలువ పంపుతాం. సర్వర్ దాన్ని వేరే చిన్న టేబుల్‌లో మరో వరసగా వేస్తుంది. లెక్క కట్టేటప్పుడు ఒక వ్యూ ఐడీకి పెద్ద విలువ తీసుకుంటే సరి.

వెనక్కి బటన్‌తో వచ్చిన పేజీ మళ్లీ లోడ్ అవదు, స్క్రిప్ట్ మొదటి నుంచి నడవదు. ‘పేజ్‌షో’ ఈవెంట్‌లో ‘పర్సిస్టెడ్’ నిజమైతే కొత్త వ్యూ ఐడీతో ఇంకో బీకన్. ఇది వదిలేస్తే, జాబితా నుంచి వ్యాసానికి, వ్యాసం నుంచి మళ్లీ జాబితాకి తిరిగే పాఠకుల రాకపోకల్లో సగం కనిపించవు.

ఫైలు పేరు గురించి ఒక మాట. ట్రాక్, అనలిటిక్స్, కలెక్ట్ లాంటి పేర్లున్న స్క్రిప్టుల్ని యాడ్ బ్లాకర్లు ఆపేస్తాయి. పేరు మార్చి తప్పించుకోవచ్చు. మేం మార్చలేదు. లెక్కలో ఉండొద్దనుకున్న పాఠకుణ్ని వెనకదారిన లెక్కపెట్టడం సరికాదు. ‘నా డేటా పంచొద్దు’ అని చెప్పే జీపీసీ సంకేతం పంపే బ్రౌజర్ల విషయంలోనూ అంతే: వ్యూ నమోదవుతుంది, హ్యాష్ చోట సున్నాలు పడతాయి.

రోజు 5: సర్వర్ వైపు

బీకన్ అందుకునే చిరునామా మొదట సీఎంఎస్ రౌటర్ గుండానే వెళ్లింది. వెంటనే 403, అంటే అనుమతి లేదు. ఫారాల రక్షణకు పెట్టిన సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ బీకన్‌లో ఉండదు. మినహాయింపు ఇచ్చాక రెండోది బయటపడింది: సీఎంఎస్ ప్రతి అభ్యర్థనకూ సెషన్ మొదలుపెడుతుంది. దాంతో ప్రతి పాఠకుడికీ సెషన్ కుకీ అంటుకుంటుంది. వద్దనుకున్నదే అది. ఫైళ్లలో ఉండే పీహెచ్‌పీ సెషన్ తాళం కూడా వేస్తుంది, ఒకే బ్రౌజర్ నుంచి వచ్చిన రెండు అభ్యర్థనలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. లాగిన్ అయి ఉన్న సంపాదకుడి ‘సేవ్’ ఒక బీకన్ వెనక ఆగడం అంటే ఇదే.

రౌటర్ వదిలేసి, ఫ్రేమ్‌వర్క్ ఏదీ లోడ్ చేయని ఒంటరి పీహెచ్‌పీ ఫైలు పెట్టాం. దాని క్రమం: పద్ధతి పోస్ట్ కాకపోతే 405. శరీరం 1 కేబీ దాటితే ఎన్‌జిన్‌ఎక్సే 413 ఇస్తుంది. దాటకపోతే వెంటనే 204 (అందింది, తిరిగి పంపేదేమీ లేదు), ‘నో-స్టోర్’ హెడర్‌తో. పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం ఇచ్చే ఫినిష్ రిక్వెస్ట్ ఫంక్షన్‌తో కనెక్షన్ మూసేసి, ఆ తర్వాత డేటాబేస్ పని. డేటాబేస్ కనెక్షన్‌కి ఒక సెకను గడువు. కుదరకపోతే ఆ వ్యూ పోతుంది, పోనివ్వాలి. లెక్క కోసం ఎఫ్‌పీఎం వర్కర్లు నిండిపోయి పేజీలు ఆగడం కంటే ఒక వ్యూ పోవడం మేలు.

ఇక్కడ ఎక్కువమంది బోర్లాపడే చోటు: బీకన్‌లో స్ట్రింగ్ పంపితే దాని కంటెంట్ టైప్ ప్లెయిన్ టెక్స్ట్. పీహెచ్‌పీలో పోస్ట్ అర్రే ఖాళీగా ఉంటుంది, ఎర్రర్ ఏమీ రాదు. ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి చదివి జేసన్‌గా విడదీయాలి. మరొకటి, బీకన్ అభ్యర్థనతో వచ్చే రెఫరర్ హెడర్ మన పేజీదే, పాఠకుడు ఎక్కడి నుంచి వచ్చాడో అది చెప్పదు. డాక్యుమెంట్ రెఫరర్‌ని స్క్రిప్ట్ చదివి శరీరంలో పెట్టాలి. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ ఉంటే అందులో ‘కనెక్ట్’ వరసలో మన సైట్‌కి అనుమతి ఉండాలి, లేకపోతే బీకన్ గడప దాటదు.

రోజు 6 నుంచి 8: ఎంతమంది

కుకీ లేకుండా ఒకరోజులో ఒకే మనిషిని గుర్తుపట్టడానికి ఐపీ, యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తన గురించి చెప్పుకునే వాక్యం) కలిపి హ్యాష్ చేస్తాం. ఉత్త హ్యాష్ చాలదు. ఐపీవీ4 చిరునామాలు మొత్తం 429 కోట్ల 49 లక్షల చిల్లర. అన్నింటికీ హ్యాష్‌లు కట్టి పోల్చుకుంటే మామూలు కంప్యూటర్ మీదే అసలు ఐపీ బయటపడుతుంది. అందుకని 32 బైట్ల రహస్య ఉప్పు (సాల్ట్, అంటే ఊహకందని విలువ) కలిపి హెచ్‌మ్యాక్, షా-256 పద్ధతిలో హ్యాష్, అందులో మొదటి 8 బైట్లు. ఉప్పు రోజూ మారుతుంది, పాతది మిగలదు. ఉప్పు పోయాక నిన్నటి హ్యాష్ నుంచి ఐపీకి దారి ఉండదు, నిన్నటి మనిషినీ ఇవాళ్టి మనిషినీ కలపడమూ కుదరదు.

8 బైట్లు చాలా అన్న ప్రశ్న వచ్చింది. లక్షమందికి 4 బైట్ల హ్యాష్ వాడితే ఇద్దరికి ఒకే విలువ పడే జతలు సగటున ఒకటి రావచ్చు. 8 బైట్లకైతే ఆ ఆలోచనే అక్కర్లేదు.

ఉప్పు ఎక్కడ ఉంచాలన్నదే అసలు చిక్కు. డేటాబేస్‌లో పెడితే బైనరీ లాగ్‌లోకి, బ్యాకప్‌లోకి వెళ్లి నెలల తరబడి బతుకుతుంది, మార్చామన్న మాటకు అర్థమే ఉండదు. ర్యామ్‌లో మాత్రమే ఉండే ఫైల్ సిస్టమ్‌లో పెట్టాం. అర్ధరాత్రి రెండు వర్కర్లు ఒకేసారి ‘కొత్త ఉప్పు లేదు’ అని గమనించి చెరొకటి తయారుచేస్తే, సగం మంది ఒక ఉప్పుతో, సగం మంది ఇంకో ఉప్పుతో పడతారు. దీనికి విరుగుడు: తాత్కాలిక ఫైలులో పూర్తిగా రాసి, అసలు పేరుతో హార్డ్‌లింక్ చేయడం. ఆ పేరు అప్పటికే ఉంటే లింక్ విఫలమవుతుంది, అప్పుడు ఉన్నదాన్నే చదవాలి. సగం రాసిన ఫైలును ఇంకొకరు చదివే ప్రమాదమూ పోతుంది. సర్వర్లు రెండైతే ఇది పనిచేయదు, రెడిస్‌లో ‘లేకపోతేనే పెట్టు’ ఆదేశం వాడాలి. సర్వర్ రీబూట్ అయితే ఉప్పు పోయి ఆ రోజు కొందరు రెండుసార్లు లెక్కకొస్తారు. ఒప్పుకున్నాం.

ఐపీ సరిగా వస్తోందా అన్నది విడిగా చూడాలి. ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంటే పీహెచ్‌పీకి కనిపించేది దాని చిరునామా. ప్రపంచమంతా ఒకే ఐపీ నుంచి వచ్చినట్టుంటుంది. ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో మొదటి చిరునామా తీసుకోమని చాలాచోట్ల రాస్తారు, అది ఎవరైనా ఏదైనా రాసి పంపగలిగే చోటు. కుడివైపు నుంచి రావాలి, మనవని తెలిసిన ప్రాక్సీలను దాటాక దొరికే మొదటిదే నమ్మదగ్గది. ఎన్‌జిన్‌ఎక్స్ రియల్ ఐపీ మాడ్యూల్‌లో మన ప్రాక్సీల చిరునామాలు ఇచ్చి, రికర్సివ్ ఆన్ చేస్తే ఈ పని అదే చేస్తుంది.

ఐపీవీ6లో 128 బిట్లనూ హ్యాష్ చేయకూడదు. ఇంట్లో పరికరాలు గోప్యత కోసం చివరి 64 బిట్లను మారుస్తూ ఉంటాయి. మొదటి 64 బిట్లే తీసుకుంటాం.

ఇంత చేసినా ఈ అంకె రెండువైపులా తప్పుతుంది, అది తెలిసి వాడాలి. మొబైల్ నెట్‌వర్క్‌ల్లో చాలామంది ఫోన్లు ఒకే బయటి ఐపీ వెనక ఉంటాయి. ఆండ్రాయిడ్ క్రోమ్ ఇప్పుడు ఫోన్ మోడల్ చెప్పదు: ఏ ఫోనైనా ఆండ్రాయిడ్ 10, మోడల్ ‘కె’ అని ఒకటే పంపుతుంది. ఒకే నెట్‌వర్క్‌లో ఒకే వెర్షన్ క్రోమ్ వాడే ఇరవై మంది ఒక్కరుగా కనిపించొచ్చు. మరోవైపు వైఫై నుంచి మొబైల్ డేటాకి మారిన ఒక్కరు ఇద్దరవుతారు. తెరపై ‘సుమారు’ అన్న మాట లేకుండా ఈ అంకెను చూపించకూడదని తీర్మానం.

రోజు 9: బాట్లు

స్క్రిప్ట్ నడపని బాట్లు, మెసేజింగ్ యాప్‌లలో లింక్ ప్రివ్యూ తెచ్చే ప్రోగ్రాములు వాటంతటవే వడకట్టుకుపోతాయి. బీకన్ పద్ధతిలో ఉన్న పెద్ద సుఖం ఇదే. జావాస్క్రిప్ట్ నడిపేవి మిగులుతాయి, గూగుల్‌బాట్ వాటిలో ఒకటి. యూజర్ ఏజెంట్‌లో బాట్, క్రాలర్, స్పైడర్, హెడ్‌లెస్ పదాలున్నా, అసలు యూజర్ ఏజెంటే లేకపోయినా, బ్రౌజర్‌లో ‘వెబ్‌డ్రైవర్’ నిజమని వచ్చినా పక్కకు.

పక్కకు పెట్టినవాటిని మౌనంగా పారేయకూడదు. ఏ కారణంతో ఎన్ని పోయాయో రోజువారీ చిన్న టేబుల్ ఉంది, కారణంతోపాటు యూజర్ ఏజెంట్ నమూనాలు ఇరవై దాకా. దాని విలువ ఇవాళే తెలిసింది. క్యూబాట్ అనే ఫోన్ బ్రాండ్ ఉంది. దాని పేరు చివర ‘బాట్’ ఉంటుంది. కొన్ని యాప్‌ల లోపలి బ్రౌజర్లు ఇంకా ఫోన్ మోడల్ పంపుతాయి కాబట్టి, ఆ ఫోన్‌తో చదివే మనుషులు బాట్ల కింద పోతారు. ఆ పేరుకు ముందే మినహాయింపు రాశాం.

మన సంపాదకుల్ని తీసేయడానికి మొదట లాగిన్ కుకీ చూడాలనుకున్నాం. ఆ కుకీ పాత్ అడ్మిన్ ఫోల్డర్‌కే పరిమితం, బీకన్ చిరునామాకి రాదు. అది అలా ఉండటమే క్షేమం, లెక్క కోసం దాన్ని సడలించకూడదు. అడ్మిన్ తెర తెరిచినప్పుడు లోకల్ స్టోరేజ్‌లో ‘లెక్కవద్దు’ అని రాస్తాం, స్క్రిప్ట్ దాన్ని చూసి ఊరుకుంటుంది. అడ్మిన్ వేరే సబ్‌డొమైన్‌లో ఉంటే లోకల్ స్టోరేజ్ పంచుకోదు, అప్పుడు ఇది చెల్లదు.

రోజు 10, 11: తెలుగు యూఆర్‌ఎల్‌లు

వ్యాసాలకు ఐడీ ఉంది కాబట్టి సమస్య లేదు. ఐడీ లేని పేజీలు, దొరకని లింకులు, అంటే 404లు, మాత్రం పాత్‌తోనే నమోదవ్వాలి. అక్కడ తెలుగు స్లగ్గులు, అంటే యూఆర్‌ఎల్‌లో ఉండే శీర్షిక మాటలు, చుక్కలు చూపిస్తాయి.

‘వార్తలు’ అన్న మాట తీసుకోండి. కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో వ, దీర్ఘం, ర, పొల్లు, త, ల, కొమ్ము: ఏడు కోడ్‌పాయింట్లు. ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ఒక్కో బైటు శాతం ఎన్‌కోడింగ్‌లో మూడు గుర్తులు. ఏడు తొమ్మిదులు అరవై మూడు. ఈ ఒక్క మాటకే 63 గుర్తులు. పాత్ కాలమ్ 255 గుర్తులకు కట్టి ఉంది. మొదటి స్లాష్ పోగా 254. అందులో పట్టేది 28 కోడ్‌పాయింట్లు, అంటే 252. మిగిలిన రెండు గుర్తులు తర్వాతి అక్షరంలో తెగిన ముక్క, శాతం గుర్తూ దాని పక్కన ఇంకొకటీ. స్ట్రిక్ట్ మోడ్ ఆపి ఉన్న డేటాబేస్ దీన్ని చప్పుడు లేకుండా కోసి దాచుకుంటుంది. ఒకే మాటలతో మొదలయ్యే రెండు శీర్షికలు అక్కడ ఒకటైపోతాయి. స్ట్రిక్ట్ మోడ్‌లో ఉంటే 1406 ఎర్రర్ వస్తుంది, అదే నయం.

సరిచేసిన క్రమం: ముందు శాతం గుర్తులు విప్పాలి, తర్వాత యూటీఎఫ్-8 సరిగా ఉందో చూడాలి, తర్వాత ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక యూనికోడ్ రూపంలోకి మార్చాలి. చివరిది ఎందుకంటే, ఐత్వం ఒకే కోడ్‌పాయింట్‌గానూ రావచ్చు, ఎత్వమూ ఐత్వపు గుర్తూ విడివిడిగా రెండుగానూ రావచ్చు. కంటికి రెండూ ఒకటే, డేటాబేస్‌కి వేరు. ఆ తర్వాత పొల్లు పక్కన కనిపించకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘టైమ్‌జోన్’ లాంటి మాటలో మ్ తర్వాత అది లేకపోతే, పక్కనున్న జ ఒత్తుగా మారి మ కిందికి పోతుంది. కొందరు టైప్ చేస్తారు, కొందరు చేయరు, కాపీ చేసేటప్పుడు ఒక్కోసారి పోతుంది. పోల్చడానికి వాడే రూపంలో దాన్ని తీసేస్తాం, చూపించడానికి అసలు రూపం ఉంచుతాం. ఇండెక్స్ పాత్ మీద కాకుండా, పోల్చే రూపానికి కట్టిన 8 బైట్ల హ్యాష్ మీద.

404 జాబితాలో జాయినర్ పోయిన లింకులు బయటపడటం ఈ పనిలో అనుకోకుండా దొరికిన లాభం. సీఎంఎస్ రౌటర్ కూడా అదే పోల్చే రూపంతో వెతికేలా మార్చాం. లింక్ పట్టుకుని వచ్చిన పాఠకుడికి ఇప్పుడు వ్యాసం దొరుకుతుంది.

రోజు 12: ఎక్కడి నుంచి

బ్రౌజర్లు ఇప్పుడు బయటి సైట్ నుంచి వచ్చేటప్పుడు డొమైన్ వరకే చెబుతాయి, పూర్తి చిరునామా ఇవ్వవు. క్రోమ్ 2020లో వచ్చిన 85వ వెర్షన్ నుంచి, ఫైర్‌ఫాక్స్ 2021లో వచ్చిన 87 నుంచి ఇదే వాడుక. కాబట్టి హోస్ట్ పేరు ఒక్కటే దాచే చిన్న టేబుల్, అందులో ఐడీ. మన సొంత డొమైన్‌ను, మూడు డబ్ల్యూలతోనూ లేకుండానూ, తీసేయాలి. ఖాళీగా వచ్చిన రెఫరర్‌ను చాలా అనలిటిక్స్ సాధనాలు ‘నేరుగా వచ్చినవారు’ అని రాస్తాయి. అది నిజం కాదు. యాప్‌లోంచి నొక్కినవారు, బుక్‌మార్క్ వాడినవారు, రెఫరర్ దాచిన సైట్ నుంచి వచ్చినవారు అందరూ అందులోనే ఉంటారు. మా తెరపై దాని పేరు ‘తెలియదు’.

బీకన్ చిరునామాకి ఎవరైనా ఏదైనా పంపగలరు. రెఫరర్ పేరులో స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి పంపితే అది అడ్మిన్ తెరపై, లాగిన్ అయిన సంపాదకుడి బ్రౌజర్‌లో నడిచే ప్రమాదం ఉంది. హోస్ట్ పేరుగా చెల్లనిది లోపలికే రాకూడదు, వచ్చినది చూపించేటప్పుడు ఎస్కేప్ కావాలి, అంటే కోడ్‌గా నడవకుండా ఉత్త అక్షరాలుగా కనిపించాలి. రెండూ చేశాం. ఐపీకి ఇంతకంటే మించి కుదరదని ఎన్‌జిన్‌ఎక్స్‌లో హద్దు కూడా పెట్టాం, కాకపోతే ఒకే ఐపీ వెనక చాలామంది ఉంటారన్న సంగతి గుర్తుంచుకుని హద్దు వదులుగా ఉంచాం.

రోజు 13, 14: కూడిక

అడ్మిన్ తెర ముడి వరసల్ని తాకదు. పదిహేను నిమిషాలకోసారి క్రాన్ నడిచి, వ్యాసంవారీగా సారాంశం టేబుల్‌లో రాస్తుంది. ఉన్నదానికి కలపడం కాదు, గత రెండు గంటలను మొదటి నుంచి కూడి పాత విలువ మీద రాయడం. కలిపేలా రాస్తే క్రాన్ పొరపాటున రెండుసార్లు నడిచినరోజు అంకెలు రెట్టింపవుతాయి. ఇలా రాస్తే ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒకటే.

గంటకొక ముక్క కాకుండా పావుగంటకొకటి ఎందుకంటే, యూటీసీకి 5:30 ముందున్న టైమ్‌జోన్‌లో అర్ధరాత్రి యూటీసీ 18:30కి పడుతుంది. గంటల ముక్కలుంటే ముక్క మధ్యలో రోజు మారుతుంది, అరగంట వ్యూలు పక్కరోజులోకి పోతాయి. 5:45 తేడా ఉన్న టైమ్‌జోన్ కూడా ఉంది, పావుగంట ముక్క దానికీ సరిపోతుంది.

ఇదే లెక్క ఉప్పునూ పట్టుకుంది. ఉప్పు యూటీసీ అర్ధరాత్రి మారుతుంటే, 5:30 టైమ్‌జోన్‌లో అది తెల్లవారుజాము అయిదున్నర. అయిదింటికి ఒక వ్యాసం, ఆరింటికి ఇంకో వ్యాసం చదివిన మనిషి ఒకే రోజులో ఇద్దరవుతాడు. ఉప్పు మార్పిడిని సైట్ టైమ్‌జోన్ అర్ధరాత్రికి జరిపాం.

సందర్శకుల అంకె కూడికకు లొంగదు. పావుగంట ముక్కల్లోని మనుషుల్ని కూడితే రోజు మనుషులు రారు, ఒకే మనిషి నాలుగు ముక్కల్లో ఉంటాడు. అందుకే రోజు సందర్శకులను ముడి వరసల నుంచి విడిగా కట్టి వేరే టేబుల్‌లో పెడతాం. నెల సందర్శకులు అసలే లేరు, ఉప్పు మారుతుంది కాబట్టి కట్టలేం. సంపాదకులు రోజుల్ని కూడి నెల అంకె చెప్పకుండా, ఆ తెరలో మొత్తం వరసే పెట్టలేదు.

తెరపై ముందుగా కనిపించేది 28 రోజులు. 30 అయితే ఒక నెలలో ఐదు ఆదివారాలు, ఇంకో నెలలో నాలుగు పడి పోలిక చెడుతుంది. 28లో ఆదివారం నుంచి శనివారం దాకా ప్రతి రోజూ నాలుగేసిసార్లు వస్తుంది.

రోజు 15: సరిచూడటం

ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో ఒక వ్యాసానికి 200 కోడ్‌తో (పేజీ సరిగా అందింది) వెళ్లిన జవాబుల్ని, ఆ వ్యాసం బీకన్లతో పోల్చాం. లాగ్ అంకె ఎక్కువ ఉండాలి: బాట్లు, ప్రివ్యూలు, బ్లాకర్లు అన్నీ అందులో ఉంటాయి. ఏ వ్యాసానికైనా బీకన్లు లాగ్‌ను మించితే వెనక్కి బటన్ వ్యూలు విడదీసి చూడాలి, అవి లాగ్‌లో కనిపించవు. ఆ తర్వాతా మించితే ఎవరో చేత్తో పంపుతున్నారని అర్థం.

చేత్తో చేసిన పరీక్షలు: పేజీ తెరిస్తే ఒక వరస. వెనక ట్యాబ్‌లో తెరిచి మూసేస్తే సున్నా. తెరిచి, ఇంకో లింక్‌కి వెళ్లి, వెనక్కి వస్తే ఆ పేజీకి రెండు. ఫోన్‌లో చదువుతూ యాప్ మార్చి బ్రౌజర్‌ను తోసేస్తే చదివిన సమయం నమోదు కావాలి. డేటాబేస్ ఆపేసి, క్యాష్‌లో ఉన్న పేజీ తెరిస్తే అది ఎప్పటిలాగే రావాలి, బీకన్‌కి 204 రావాలి. ఈ చివరి పరీక్షను ప్రతి విడుదలకు ముందూ చేసే జాబితాలో కలిపాం.

రోజు 16: పాత కాలమ్

టెంప్లేట్లలో ‘ఎక్కువగా చదివినవి’ పెట్టె ఒక్కటే పాత వ్యూస్ కాలమ్‌ను వాడుతోంది. దాన్ని సారాంశం టేబుల్‌కి మార్చాం. పాత అంకెల్ని కొత్తవాటితో కలపలేదు, అవి కొలిచింది వేరు. ఒక సీఎస్‌వీ ఫైలుగా తీసి పక్కన పెట్టి, గ్రాఫ్‌లో మార్పు జరిగిన తేదీ దగ్గర నిలువు గీత గీశాం. కోడ్ మొత్తంలో కాలమ్ పేరు వెతికి, ఎక్కడా లేదని చూసుకున్నాక కాలమ్ డ్రాప్ చేశాం. మైఎస్‌క్యూఎల్ 8.0.29 నుంచి దీన్ని ‘ఇన్‌స్టంట్’ పద్ధతిలో చేయొచ్చు, టేబుల్ అంతా తిరగరాయదు. మొదటి రోజు తాత్కాలికంగా పెట్టిన ‘చివరి మార్పు’ మరమ్మతు కూడా అప్‌డేట్ లైనుతోపాటే పోయింది. ఆ రాత్రి సైట్‌మ్యాప్ మళ్లీ తయారైనప్పుడు అందులో తేదీ మారినవి, సంపాదకులు నిజంగా దిద్దిన వ్యాసాలు మాత్రమే.